గది మోత తగ్గాలంటే: రాక్‌వూల్ కొనాలా, 3డి ప్రింట్ తీయించాలా?

తిరుపతి కొర్లగుంటలో మేడ మీద గదిలో వీణ నేర్పే టీచర్ ఒకావిడ రెండేళ్ల కిందట మా షాపుకి వచ్చారు. ఫోన్లో ఒక వీడియో చూపించారు. తేనెపట్టులా చిల్లులు చిల్లులుగా ఉన్న తెల్లటి పలకలు ఒక స్టూడియో గోడ నిండా బిగించి ఉన్నాయి. అన్నీ 3డి ప్రింటర్ మీద తీసినవే. "ఇవి తీసిస్తావా నాయనా? వీణ మీటితే గదంతా మోత. పిల్లలు ఏ స్వరం పలికించారో నాకే తెలీడం లేదు" అన్నారు. దేవుడి బొమ్మలు, మిక్సీ గేర్లు, ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టులు తీసి తీసి నాకు అప్పటికే విసుగెత్తింది. కొత్త పని దొరికిందని వెంటనే తలూపాను.

నాలుగు రోజులు ప్రింటర్ నడిపి ఒక పలక తీశాను. గోడకి ఆనించి చప్పట్లు కొట్టాం. మోత ఎలా ఉందో అలాగే ఉంది. టీచర్‌గారు మర్యాదస్తురాలు కాబట్టి "కొంచెం తగ్గినట్టుంది" అన్నారు. తగ్గలేదని ఇద్దరికీ తెలుసు.

అప్పటి నుంచి ఇదే ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. యూట్యూబ్ చానల్ పెట్టుకున్న కుర్రాళ్లు, ఆన్‌లైన్ క్లాసులు చెప్పే మాస్టర్లు, నాదస్వరం సాధన చేసుకునే ఒకన్న. ప్రింట్ తీసి అమ్ముకునేవాణ్ణే అయినా చాలామందిని "వద్దు సామీ, రాక్‌వూల్ కొనుక్కోండి" అని పంపించేశాను. రాక్‌వూల్ అంటే రాయి కరిగించి తీసిన పోగుల పలకలు. కొందరికి మాత్రం ప్రింటే సరైనది. ఎవరికి ఏది అనేది ఇక్కడ రాస్తున్నాను.

ముందు మీ గొడవ ఏమిటో తేల్చుకోండి

పక్కింటివాళ్లు అరుస్తున్నారా, లేక మీ గదిలో మాటే మీకు గుహలో మాట్లాడినట్టు వినిపిస్తోందా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు. శబ్దం బయటికి పోకుండా ఆపాలంటే బరువు కావాలి, సందుల్లేకుండా మూయాలి: మందమైన గోడ, గట్టి తలుపు, తలుపు కింద రబ్బరు పట్టీ. చిల్లులున్న పదార్థం ఒక్కటే పెడితే ఆ పని జరగదు, అది రాక్‌వూల్ అయినా, ప్రింట్ తీసిందైనా. నాదస్వరం అన్నకి ఇదే చెప్పాల్సి వచ్చింది. ఆయన బాధ పక్కింటి ముసలాయనతో. అన్నకి నేను ఏమీ అమ్మలేదు. కిటికీకి రెండో అద్దం వేయించుకోమన్నాను.

లోపలి మోత అయితేనే ముందుకి చదవండి.

గాలి దూరాలి, కానీ కష్టపడి దూరాలి

శబ్దమంటే గాలి ముందుకీ వెనక్కీ ఊగడం. ఆ ఊగే గాలిని సన్నటి సందుల్లోకి రానిస్తే ఆ సందుల గోడలకి రాసుకుంటూ వెళ్తుంది. ఆ రాపిడిలో శబ్దశక్తి వేడిగా మారిపోతుంది. అంత కొంచెం వేడి చేతికి తెలియదు గానీ, చెవికి మాత్రం తేడా తెలుస్తుంది. కాబట్టి సందులు ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. థర్మాకోల్లోనూ బుడగలే ఉంటాయి, కానీ ప్రతి బుడగా మూసుకుపోయి ఉంటుంది. అందుకే థర్మాకోల్ పలకలు శబ్దాన్ని పీల్చవు. వేడికి ఉబ్బే 'తేలిక' ఫిలమెంట్ల (ప్రింటర్ కరిగించి పోసే ప్లాస్టిక్ తీగల) గతీ అంతే. బరువు తగ్గుతుంది, లోపల బుడగలు మూసుకునే ఉంటాయి.

ఇక సందు వెడల్పు. గాలి సందు గోడకి అంటుకున్నట్టు ఉండే పొర ఒకటి ఉంటుంది. రాపిడంతా ఆ పొరలోనే. 100 హెర్ట్జ్ (సెకనుకి 100 సార్లు ఊగే శబ్దం) దగ్గర ఆ పొర మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు, 1000 హెర్ట్జ్ దగ్గర 0.07. సందు 4 మిల్లీమీటర్లు ఉంటే గాలి మధ్యలోంచి హాయిగా వచ్చి హాయిగా పోతుంది, అంచులకి తగలనే తగలదు. నా మొదటి పలకలో జరిగింది ఇదే. స్లైసర్లో (ఆకారాన్ని పొరలు పొరలుగా కోసి ప్రింటర్‌కి ఇచ్చే సాఫ్ట్‌వేర్) గైరాయిడ్ నింపుడు, అంటే పలక లోపలి అల్లిక, పెట్టాను. అలలు అలలుగా మెలికలు తిరిగే ఆ ఆకారాన్ని 1970లో నాసాలో పనిచేసిన ఆలన్ షోన్ వివరించాడు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పలేను. నా దాంట్లో సందులు పెన్సిల్ మొన దూరేంత ఉన్నాయి.

గుండ్రటి సందు వ్యాసం సగం చేస్తే, ఖాళీ శాతం అంతే ఉంచినా, గాలికి అడ్డు నాలుగింతలవుతుంది. ఈ అడ్డుకి ఒక కొలత ఉంది: గాలి సెకనుకి మీటరు వేగంతో పోవాలంటే మీటరు మందానికి ఎన్ని పాస్కల్‌ల ఒత్తిడి కావాలి అని. 5 సెంటీమీటర్ల పలక బాగా పని చేయాలంటే అది వేలల్లో ఉండాలి. 5,000 నుంచి ఇరవై, ముప్పై వేల దాకా మంచిది. మరీ ఎక్కువైతే శబ్దం లోపలికే దూరదు, పైనుంచే తిరిగొస్తుంది. లెక్క వేస్తే 4 మిల్లీమీటర్ల సందుకి 50 దగ్గర వస్తుంది. 1 మిల్లీమీటరుకి 800 చిల్లర. 0.3కి వచ్చేసరికి 9,000. ఇప్పుడు మన దగ్గర ఎక్కువమంది వాడే ప్రింటర్ ముక్కు (ప్లాస్టిక్ బయటికి వచ్చే చిల్లు) వ్యాసం 0.4 మిల్లీమీటర్లు. చిక్కంతా ఇక్కడే ఉంది. రాక్‌వూల్ పోగులు మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు) లెక్కలో ఉంటాయి. వాటి మధ్య సందులు ఎవరూ డిజైన్ చేయకుండానే సరిగ్గా ఈ కొలతకి వచ్చి కూర్చుంటాయి.

నేను చేసిన ఇంకో తప్పు దీనికన్నా సిగ్గుపడాల్సింది. స్లైసర్లో పై పొరలు, కింది పొరలు సున్నా చేయడం మర్చిపోయాను. ముందువైపు నున్నగా ప్లాస్టిక్ చర్మం కప్పేసింది. లోపల ఎంత గొప్ప గైరాయిడ్ ఉన్నా మూత పెట్టేశాక ఇక దానితో పనేముంది?

అందుకే ఏ పలక కొన్నా, ఏ పలక తీయించినా ముందు ఊది చూడండి. మూతికి దగ్గరగా పెట్టుకుని గట్టిగా ఊదండి, అవతలివైపు అరచెయ్యి పెట్టండి. గాలి అస్సలు రాకపోతే పనికిరాదు. అడ్డే లేనట్టు దూసుకొస్తే అదీ పనికిరాదు. బుగ్గలు కొంచెం ఉబ్బి, అవతల గాలి మెల్లగా తగలాలి. యంత్రంతో పన్లేని పరీక్ష ఇది, నేను ఇప్పటికీ ప్రతి ముక్కకీ చేస్తాను.

మందం సంగతి కూడా చెప్పాలి. గోడకి ఆనుకుని గాలి ఊగదు. అక్కడినుంచి పావు అలదూరంలో, అంటే ఒక శబ్దపు అల పొడవులో నాలుగో వంతు దూరంలో, బాగా ఊగుతుంది. పీల్చే పదార్థం అక్కడ ఉంటేనే దానికి పని. 1000 హెర్ట్జ్‌కి ఆ దూరం 8.6 సెంటీమీటర్లు, 500కి 17, 100కి 86. అంగుళం ఫోమ్ అతికించి "మోత పోయింది" అనేవాళ్ల గదిలో నిజానికి పోయేది స, శ అనే పలుకుల పదును. కింది స్వరాల గుమ్మనే మోత అలాగే మిగులుతుంది. వీణ శ్రుతి 165 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుంటే మంద్ర షడ్జమం 82 దగ్గర పలుకుతుంది. అంగుళం ఫోమ్ దాని జోలికే పోదు. దీనికి డబ్బు ఖర్చవని చిట్కా ఒకటుంది. పలకని గోడకి అతికించకుండా, మందమెంతో అంత ఖాళీ వెనక వదిలి చట్రం మీద నిలబెట్టండి. 5 సెంటీమీటర్ల పలక వెనక 5 సెంటీమీటర్లు ఖాళీ వదిలితే కింది స్వరాల దగ్గర చాలావరకు 10 సెంటీమీటర్ల పలకలాగే పని చేస్తుంది.

లెక్కకి వస్తే

టీచర్‌గారి గది 12 అడుగులు 10 అడుగులు, ఎత్తు 10. అంటే 34 ఘనమీటర్లు. నున్నటి గోడలు, టైల్స్ నేల. చప్పట్లు కొడితే మోత ఒకటిన్నర సెకన్లు సాగింది. పాఠానికి అర సెకను దగ్గర ఉంటే చాలు. దీనికి సూత్రం ఇచ్చింది వాలెస్ సాబీన్ అనే అమెరికా శాస్త్రవేత్త. 1895లో హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాల్లో మాటలు అర్థం కావట్లేదంటే, పక్క థియేటర్ నుంచి కుర్చీ మెత్తలు మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలకి మోత ఎంత తగ్గిందో కొలిచాడు. ఆ సూత్రం ప్రకారం ఈ గదికి ఇంకో 7 చదరపు మీటర్లకి పైగా శబ్దాన్ని పూర్తిగా పీల్చే పదార్థం కావాలి. రెండడుగుల చదరపు పలకలైతే ఇరవై.

ఆ ఇరవై పలకలూ ప్రింట్ తీస్తే? 60 సెంటీమీటర్లు, 60 సెంటీమీటర్లు, 5 సెంటీమీటర్ల మందం, 20 శాతం నింపుడు. ఒక్కో పలకకి పీఎల్ఏ (ప్రింటర్లలో ఎక్కువగా వాడే ప్లాస్టిక్) ఫిలమెంట్ నాలుగున్నర కిలోలు. సాధారణ ప్రింటర్ సెకనుకి 10 ఘనమిల్లీమీటర్లు పోస్తుందనుకుంటే ఒక్క పలకకి 100 గంటలు. ఇరవైకి 90 కిలోలు, 2,000 గంటలు. ఒకే ప్రింటర్ పగలూ రాత్రీ ఆగకుండా నడిస్తే 83 రోజులు. అంత పెద్ద పలక ఇంట్లో వాడే ప్రింటర్ బల్ల మీద పట్టదు కాబట్టి ముక్కలు ముక్కలుగా తీసి అతకాలి. మధ్యలో కరెంటు పోతే ఆ పొర దగ్గర గీత పడుతుంది, ఒక్కోసారి అక్కడే విరుగుతుంది. ఫిలమెంట్ కిలో వెయ్యి రూపాయలు వేసుకున్నా మెటీరియలే 90 వేలు. నా కూలి ఇంకా కలపలేదు.

అదే కొలత రాక్‌వూల్, ఘనమీటరుకి 48 కిలోల సాంద్రతది, పలకకి కిలో కూడా తూగదు. ఇరవై పలకలూ ఆటోలో ఒక్క ట్రిప్పులో వస్తాయి. వడ్రంగి చేత టేకు వద్దు, మామూలు చెక్క చట్రాలు చాలు. పైన గుడ్డ. మొత్తం ఖర్చు ప్రింట్ ఫిలమెంట్ ఖర్చులో చిన్న వాటా. అన్ని స్వరాలనీ సమంగా పీల్చడంలో మామూలు ప్రింట్ దీనికి సాటి రాదు.

కాబట్టి గోడ నిండా మోత తగ్గించాలంటే రాక్‌వూల్ లేదా గ్లాస్‌వూల్ (గాజు పోగులది). ఇందులో నాకు రెండో మాట లేదు. చేతులకి తొడుగులు, ముక్కుకి మాస్కు వేసుకుని కోయాలి, లేకపోతే రెండు రోజులు దురద. పోగులు బయటికి రాకుండా గుడ్డ గట్టిగా కప్పాలి. చిన్నపిల్లలు ఉండే గదికి దురదలేని పాలిస్టర్ ఫెల్ట్ దొరుకుతుంది. ఖరీదు ఎక్కువ, అంతే మందానికి కొంచెం తక్కువ పీలుస్తుంది, కానీ ఇంట్లో భయం లేకుండా పెట్టుకోవచ్చు. కొబ్బరి పీచు పరుపులు కూడా పనికొస్తాయి. పోగు లావు కాబట్టి రాక్‌వూల్ కంటే మందంగా వేయాలి, చెదలు పట్టకుండా చూసుకోవాలి. ఇంట్లో పాత బొంతలుంటే రెండు మడతలు వేసి, గోడకి జానెడు దూరంలో తాడు మీద ఆరేసి ముందు ఒక వారం చూడండి. నేను నిజంగానే చెప్తున్నాను. సగంమందికి అక్కడితో పని అయిపోతుంది.

పైన కప్పే గుడ్డ గురించి ఒక మాట. శ్రీకాళహస్తి కలంకారీ బట్ట దీనికి చక్కగా సరిపోతుంది. నూలు బట్ట మీద కలంతో వేసేది సహజ రంగు, అది పోగులోకి ఇంకుతుందే గానీ పెయింటులా పైన పొర కట్టదు. ఊదితే గాలి వస్తుంది. దానికి బదులు ఒకరు ఖర్చు తగ్గుతుందని స్వామివారి బొమ్మ ఉన్న ఫ్లెక్సీ కప్పించారు. ఫ్లెక్సీ ప్లాస్టిక్. ఇరవై పలకల రాక్‌వూల్ దాని వెనక ఊపిరాడక కూర్చుంది. ఫ్లెక్సీ తీసి పూజగదిలో పెట్టించి, పలకలకి బట్ట కప్పాక గది మారింది.

కోడిగుడ్ల అట్టలు వద్దు. సన్నటి అట్ట, పీల్చేది ఏమీ లేదు, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. చవక స్పాంజి ఫోమ్ విషయంలో కూడా మొదట అడగాల్సింది నిప్పు గురించే. 2003లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో స్టేషన్ అనే నైట్‌క్లబ్‌లో స్టేజీ వెనక గోడకి అతికించిన పాలియురెథేన్ ఫోమ్‌కి బాణసంచా నిప్పు అంటుకుని నూరుమంది చనిపోయారు. ప్రింట్ పలకలదీ ఇదే తంటా. పీఎల్ఏ, ఏబీఎస్, నైలాన్ అన్నీ కాలేవే. రాక్‌వూల్ రాయి నుంచి తీసింది, కాలదు. పిల్లలు గుమిగూడే గది కాబట్టి, ధర సంగతి పక్కన పెట్టినా ఈ ఒక్క కారణంతోనే నేను గోడ నిండా ప్రింట్ పెట్టను.

అయితే ప్రింట్ ఎప్పుడు?

గొడవ పెట్టే శబ్దం ఒక్కటే అయి, దాని హెర్ట్జ్ మీకు తెలిసి, మందానికి చోటు లేకపోతే అప్పుడు. ఉదాహరణకి మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్, ఇన్వర్టర్ గుయ్‌మనే మోత దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దాన్ని పోగుల పదార్థంతో పీల్చాలంటే 86 సెంటీమీటర్ల లెక్క. ఏ ఇంట్లో ఉంటుంది అంత చోటు? ఇక్కడ ప్రింట్ రెండు పనులు చేయగలదు. ఒకటి, 86 సెంటీమీటర్ల గొట్టాన్ని జాంగ్రీ చుట్టినట్టు చుట్టి వేళ్ల మందం పలకలో ఇరికించడం. వడ్రంగి చేతితో అది కాదు. రెండు, మూతి సన్నగా, కడుపు పెద్దగా ఉండే సీసా. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే శ్రుతిలో 'ఊ' అంటుంది కదా, ఏ శ్రుతి పలుకుతుందో ఆ శ్రుతినే అది పీలుస్తుంది కూడా. హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే దీన్ని లెక్క కట్టి పెట్టాడు.

సూది చిల్లుల రేకు ఇంకో దారి. మిల్లీమీటరు లోపు చిల్లులు, రేకు విస్తీర్ణంలో ఒక శాతం అటూ ఇటూగా, వెనక ఖాళీ. పోగులు లేకుండానే పీలుస్తుంది. 1975లో మా దా-యూ అనే చైనా శాస్త్రవేత్త దీని సిద్ధాంతం ప్రచురించాడు. ప్రింట్‌లో ఇది తీయొచ్చు గానీ నా సలహా వద్దనే. కరిగిన ప్లాస్టిక్ లోపలికి ఒత్తుకుని చిల్లు తగ్గిపోతుంది, ఒక్కో చిల్లు ఒక్కో కొలతకి వస్తుంది. అదే పని లేజర్‌తో రేకుకి చిల్లులు పొడిచేవాళ్లు నిమిషాల్లో చేస్తారు.

వంపు తిరిగిన గొట్టం లోపల, ఫ్యాన్ తొడుగు లోపల, పోగులు రాలి గాలిలో కలవకూడని చోట, అంటే ఆహారం ప్యాక్ చేసే షెడ్డు, క్లినిక్ లాంటి చోట్ల, ప్రింట్‌కి పోటీ లేదు. ఆకారానికి ఆకారం వస్తుంది, కడిగి ఆరబెట్టుకోవచ్చు.

యూనివర్సిటీ, ఐఐటీ పిల్లలు ప్రాజెక్టుకి వస్తే మాత్రం నా మాట పూర్తిగా తిరగబడుతుంది. వాళ్లకి ప్రింటే తీసుకోమంటాను. రాక్‌వూల్‌లో ఏ పోగు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ప్రింట్ ముక్కలో ప్రతి సందూ మీరు గీసిందే. లెక్క కట్టొచ్చు, కొలవొచ్చు, రెండింటికీ తేడా ఎందుకొచ్చిందో వెతకొచ్చు. తేడా తప్పకుండా వస్తుంది. ఒకే డిజైన్‌ని వేర్వేరు రకాల ప్రింటర్లలో తీసి పోల్చిన అధ్యయనం ఒకటి 2020లో వచ్చింది. కాగితం మీద ఆకారం ఒకటే, పీల్చడంలో మాత్రం తేడాలు. పొరల గరుకు, సందు కొలతలో వచ్చే పొరపాటు, రాలకుండా మిగిలిన వెంట్రుకలు అన్నీ లెక్కలోకి వస్తాయి.

వెంట్రుకలంటే గుర్తొచ్చింది. నవంబరు వానల్లో ఫిలమెంట్ తేమ పట్టి, ప్రింటర్ ముక్కు ఇటునుంచి అటు జరిగిన ప్రతిసారీ సాలెగూడులా సన్నటి పోగులు లాగుతుంది. అలా పాడైన ముక్క ఒకటి పారేయబోతూ ఊది చూశాను. బుగ్గలు ఉబ్బాయి. అదే డిజైన్‌లో పొడి ఫిలమెంట్‌తో శుభ్రంగా వచ్చిన ముక్క కన్నా ఈ పాడైందే బాగా పీల్చింది. తర్వాత తెలిసింది, రెండు గోడల మధ్య కావాలనే వెంట్రుక పోగులు లాగించి పీల్చే పలకలు తయారుచేసే పద్ధతి మీద పరిశోధనలే ఉన్నాయని. అందరూ పోగొట్టుకోవాలని చూసే రోగం ఇక్కడ మందు.

ఏ ప్రింటర్, ఏ ప్లాస్టిక్

తీగ కరిగించి పోసే ఎఫ్‌డీఎం ప్రింటర్ చవక, మన ఊళ్లో దొరికేదీ అదే. ముక్కు 0.25ది వేయించుకోండి, నింపుడు సందు అర మిల్లీమీటరుకి దించండి, పై పొరలు, కింది పొరలు, పక్క గోడలు మూడూ సున్నా చేయండి. ఒక పొరలో గీతలు నిలువుగా, పైదాంట్లో అడ్డంగా, మూడో పొర సగం సందు జరిపి వేస్తే గాలి మెలికలు తిరుగుతూ వెళ్తుంది. గైరాయిడ్ కన్నా నాకు ఇదే బాగా వచ్చింది. రెజిన్ ప్రింటర్ సన్నటి పని చేస్తుంది గానీ సందుల్లో జిగురు రెజిన్ ఇరుక్కుని అక్కడే గట్టిపడుతుంది. ఎంత కడిగినా లోపలిది రాదు. 2 సెంటీమీటర్ల ముక్క దాకా సరే. నైలాన్ పొడిని లేజర్‌తో అతికించే ఎస్ఎల్ఎస్‌కి ఆసరాలు అక్కర్లేదు, మెలికల ఆకారాలకి అన్నిటికన్నా మంచిది. ఖరీదు మాత్రం బయటినుంచి తెప్పించుకోవాల్సిన స్థాయి, పైగా సన్న సందుల్లో పొడి మిగిలిపోతుంది.

ప్లాస్టిక్‌లో చూడాల్సింది ఎండ. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో రేకుల షెడ్డు గోడకి పెడితే నెలకే ఒంగిపోతుంది. అలాంటిచోట పీఈటీజీ, ఇంకా వేడి ఉంటే ఏబీఎస్. రబ్బరులా ఉండే టీపీయూ శబ్దం బాగా పీలుస్తుందని చాలామంది అనుకుంటారు. సందులు ఒకటే అయితే తేడా కొద్దిదే. పని చేసేది సందులో గాలి రాపిడి, ప్లాస్టిక్ మెత్తదనం ఎక్కువ సాయపడదు.

డబ్బిచ్చే ముందు కొలిపించండి

"98 శాతం పీలుస్తుంది" అని ఎవరైనా చెప్తే ఏ హెర్ట్జ్ దగ్గర అని అడగండి. ప్రింట్ పలకలు తరచుగా ఒక్క శ్రుతి దగ్గర కొండలా లేచి, అటూ ఇటూ పడిపోతాయి. 250, 500, 1000, 2000 హెర్ట్జ్ నాలుగింటి దగ్గర అంకెలు అడిగి తీసుకోండి.

కొలవడానికి నా దగ్గరున్నది నాలుగంగుళాల పీవీసీ గొట్టం. ఒక చివర స్పీకర్, రెండో చివర ముక్క, మధ్యలో రెండు చిన్న మైకులు. పెద్ద ల్యాబుల్లో ఐఎస్ఓ 10534-2 పద్ధతిలో చేసేది ఇదే, వాళ్ల గొట్టం ఖరీదైంది, అంతే. నాలుగంగుళాల గొట్టంలో 2000 హెర్ట్జ్ లోపు అంకెలనే నమ్మొచ్చు, ఆపై కొలవాలంటే గొట్టం సన్నగా ఉండాలి. ముక్క చుట్టూ గోరంత సందున్నా అంకె మారిపోతుంది. మొదట్లో అంచుకి సందు వదిలి, "అబ్బ, ఎంత బాగా పీల్చింది" అని మురిసిపోయాను. పీల్చింది ముక్క కాదు, సందు.

టీచర్‌గారి గదిలో చివరికి ఏం చేశామంటే

మూడు గోడలకి రాక్‌వూల్ పలకలు, వెనక రెండంగుళాల ఖాళీ, పైన కలంకారీ బట్ట. నేల మీద జంపఖానా. మోత పోయింది. పోయాక ఇంతకాలం దాని వెనక దాక్కున్న ఇన్వర్టర్ గుయ్‌మనడం బయటపడింది. "ఇదొక తంబూరా అయిపోయింది నాయనా, శ్రుతి కలవని తంబూరా" అన్నారు ఆవిడ.

అప్పుడు ప్రింట్ పనికొచ్చింది. పలకలు తీయలేదు. వాళ్లింట్లోనే ఖాళీగా ఉన్న ఊరగాయ గాజు సీసాలు ఆరు తెచ్చుకుని, ఒక్కోదానికి మూతి మాత్రం ప్రింట్ తీశాను. మూత మధ్యలో 10 మిల్లీమీటర్ల చిల్లు, లోపలికి 20 మిల్లీమీటర్ల గొట్టం. సీసాలో 800 మిల్లీలీటర్ల ఖాళీ మిగిలేలా ఇసక పోశాం. లెక్కకి 101 హెర్ట్జ్ వస్తుంది. మూత కింద రబ్బరు వాషర్ తప్పనిసరి, గాలి కారితే సీసా పని చెయ్యదు. ఒక్కో మూతికి ఫిలమెంట్ 20 గ్రాముల్లోపే. ఇన్వర్టర్ ఉన్న మూల, నేలా గోడా కలిసేచోట వరసగా పెట్టాం. గుయ్‌మనడం పూర్తిగా పోలేదు, పాఠానికి అడ్డం రానంతగా తగ్గింది.

అది డిసెంబరు. మే నెలలో ఆవిడ ఫోన్ చేసి మళ్లీ మొదలైందన్నారు. తప్పు ఎండది. 20 డిగ్రీల దగ్గర గాలిలో శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది, 40 దగ్గర 355. కరెంటు అదే 50 హెర్ట్జ్‌లో ఉంది, సీసాల శ్రుతి మాత్రం మూడు హెర్ట్జ్‌కి పైగా పైకి జరిగిపోయింది. ఇసక మార్చే బదులు గొట్టం 22 మిల్లీమీటర్లు పెట్టి ఇంకో ఆరు మూతులు తీసిచ్చాను. ఎర్రవి ఎండాకాలానికి, తెల్లవి చలికాలానికి. ఉగాది వెళ్లగానే ఆవిడే మారుస్తారు, తీసినవి కడిగి మసాలా డబ్బాలో దాచుకుంటారు.